ఈ ఖరీఫ్‌కు ముందు మన ఊరి లెక్క

(2025 మే నెలలో పల్నాడు, ప్రకాశం జిల్లాల సరిహద్దులోని ఒక గ్రామంలో, రైతు సేవా కేంద్రం ముందు జరిగిన సమావేశంలో గ్రామ వ్యవసాయ సహాయకుడు మాట్లాడిన పాఠం ఇది. ఆ రోజు పనులకు పోయి రాలేకపోయినవాళ్ల కోసం ఫోన్‌లో పంపుతున్నాం. చదివినవాళ్లు చదవలేనివాళ్లకు చదివి వినిపించండి.)

 

వాతావరణ మార్పు అనే మాట ఆఫీసు కాగితాల్లో చాలాసార్లు కనపడుతుంది. మీకు ఆ మాటతో పని లేదు. గడిచిన ఐదేళ్లు గుర్తుచేసుకుంటే చాలు. 2020 నవంబరులో నివర్ తుపాను తమిళనాడు పక్కన తీరం దాటింది, మన పత్తి చేలు మాత్రం నీళ్లలో నిలబడ్డాయి. 2021లో మిరప పూతలోకి నల్ల తామర పురుగు దిగింది. ఎన్ని మందులు కొట్టినా ఆగక చాలామంది చేలు దున్నేశారు. 2023 ఆగస్టు వచ్చింది. 1901 నుంచి లెక్కలు రాస్తుంటే దేశం మొత్తం మీద అంత ఎండిన ఆగస్టు ఇంకోటి లేదు. సాగర్ కుడి కాలువలో కూడా ఆ ఏడాది పంటకు సరిపడా నీళ్లు రాలేదు. వానే లేదని ఏడ్చిన ఆ చేల మీదికే డిసెంబరు 5న బాపట్ల దగ్గర మిచౌంగ్ తుపాను వచ్చి పడింది. నిరుడు సెప్టెంబరు మొదట్లో పడ్డ వాన సంగతి ఇక చెప్పక్కర్లేదు.

ఒకే పంటకాలంలో కరువూ ముంపూ రెండూ. ఇదీ మనకు వచ్చిన మార్పు. "వానలు తగ్గాయా సార్?" అని అడుగుతారు మీరు. ఏడాది మొత్తం కొలిస్తే కొన్నేళ్లు తగ్గినట్టు కూడా ఉండదు. నలభై రోజుల్లో రావాల్సింది నాలుగు రోజుల్లో వస్తుంది, మధ్యలో ముప్పై రోజులు మబ్బు కూడా ఉండదు. చేనుకు కావాల్సింది ఏడాది లెక్క కాదు, వారం లెక్క.

అందుకే ఈ రోజు పథకాల పేర్లు వరసగా చదివి వెళ్లిపోవడానికి రాలేదు. కుంట, విత్తనం, బీమా, కౌలు కార్డు, ఇవన్నీ ఒకదానికొకటి ఎక్కడ ముడిపడి ఉన్నాయో, ఆ ముడి మన ఊళ్లో ఎక్కడ బిగుసుకుందో చెబుతాను.

గోడ మీద వాన

మాది ప్రకాశం జిల్లా పడమటి వైపు. నేను టెన్త్ చదివే రోజుల్లో మా ఊళ్లో ఒక ప్రాజెక్టు నడిచేది. రైతుల యాజమాన్యంలో భూగర్భజలాలు అనేవాళ్లు, ఏపీఎఫ్ఏఎంజీఎస్ అని పొడి అక్షరాల్లో. ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ సాయంతో ఉమ్మడి రాష్ట్రంలోని ఏడు కరువు జిల్లాల్లో నడిచింది, ప్రకాశం అందులో ఒకటి. మోటార్లు ఇవ్వలేదు, పైపులు ఇవ్వలేదు. ఊరికొక రెయిన్‌గేజి ఇచ్చారు. పదిహేను రోజులకోసారి బోర్లలో నీరు ఎంత లోతున ఉందో కొలిచే తాడు లాంటి పరికరం ఇచ్చారు. రాసుకోవడానికి పుస్తకం ఇచ్చారు. మా నాన్న కమిటీలో ఉండేవాడు. ఆయన చేలో ఉంటే గేజి చూసి రాసే పని నాది.

మొదట్లో మా ఊరివాళ్లు నవ్వారు. "వానను కొలిస్తే పెరిగిద్దా అబ్బాయ్?" అన్నాడు మా పెదనాన్న. పెరగదు. కానీ అక్టోబరు రాగానే ఊరంతా కూర్చుని ఒక లెక్క వేసేవాళ్లు. ఇప్పటిదాకా పడ్డ వాన ఇంత, అందులో భూమిలోకి ఇంకింది ఇంత, తాగడానికి పశువులకు పోగా రబీకి మిగిలేది ఇంత. ఆ తర్వాత ఎవరెవరు ఏం వేద్దామనుకుంటున్నారో చెప్పించి, దానికి ఎంత నీరు కావాలో రాసేవాళ్లు. ఉదాహరణకి భూమిలో వంద బిందెలుంటే, మనం అడిగేది నూటనలభై అయ్యేది. ఆ రెండు అంకెలూ పెద్దగా గోడ మీద రాసేవాళ్లు. అంతే. ఫలానా పంట వేయొద్దని ఎవరూ ఎవరికీ చెప్పలేదు, జరిమానా లేదు. మా నాన్న బోరు కింద వరి వేద్దామనుకున్నవాడు ఆ గోడ చూసి వచ్చి రెండు రోజులు మాట్లాడలేదు. మూడోనాడు వరి అర ఎకరానికి తగ్గించి మిగతాది శనగ చల్లాడు. వరి ఒక ఎకరం తాగే నీటితో రెండు మూడు ఎకరాల ఆరుతడి పంట పండుతుంది, ఆ సంగతి ఆయనకు ముందే తెలుసు. గోడ మీద చూసేదాకా అది ఆయన బోరుకు సంబంధించిన సంగతి అనుకోలేదు.

మన రైతు సేవా కేంద్రం గోడ మీద ఈ నెల నుంచి నేను అలా రాయడం మొదలుపెట్టాను. వాన పడ్డ మర్నాడు ఉదయం ఎనిమిదిన్నరకు అంకె ఉంటుంది. దాంతో ముందుగా తేలాల్సింది పత్తి విత్తనం.

నల్లరేగడిలో 60 నుంచి 75 మిల్లీమీటర్ల వాన పడి, భూమి లోపలి దాకా పదునెక్కిన తర్వాత పత్తి పెట్టమని శాస్త్రవేత్తలు చెబుతారు. మనం ఏం చేస్తున్నాం? జూన్ మొదటి వారంలో ఒక జల్లు పడగానే గొర్రు కట్టేస్తాం. పైన తడి, జానెడు కింద బూడిద. మొలక వచ్చి వారం తిరిగేలోపు ఎండుతుంది. ఈ ఏడాది పత్తి ప్యాకెట్ ధర 901 రూపాయలు. ఎకరానికి రెండు ప్యాకెట్లు వేసి, అవి పోయి మళ్లీ రెండు తెస్తే 1,802 రూపాయలు మట్టిలో కలిసినట్టే, కూలి కాకుండా. "పక్కోడు పెట్టాడు, మనం వెనకబడతాం" అని పెడుతున్నారని నాకు తెలుసు. పక్కవాడు పెట్టాడా లేదా కాదు, గోడ మీద అంకె ఎంతుందో చూసి పెట్టండి. ఒక జల్లు 20, నాలుగు రోజులకు ఇంకో 30 పడితే కలుపుకోవచ్చు. మధ్యలో పది రోజులు ఎండ కాస్తే మొదటి 20ని మర్చిపోండి.

కుంట ఎవరి చేలో?

ఇప్పుడు ఉపాధి హామీ కింద నీటి కుంటలు తవ్విస్తున్నారు. మార్చి 22న కర్నూలు జిల్లా పూడిచర్లలో ఉప ముఖ్యమంత్రి మొదలుపెట్టిన కార్యక్రమం, రాష్ట్రం మొత్తం మీద 1.55 లక్షల కుంటలు లక్ష్యం. మన ఊరికీ వచ్చాయి. రైతు చేతి నుంచి రూపాయి పెట్టక్కర్లేదు. జాబ్ కార్డు ఉన్న చిన్న, సన్నకారు రైతులు, ఎస్సీ, ఎస్టీ కుటుంబాలు అర్హులు. ఐదు ఎకరాల లోపు భూమి ఉంటే చిన్నరైతు, రెండున్నర లోపు అయితే సన్నకారు. పని మన కూలీలే చేయాలి, యంత్రం పెట్టకూడదు, కాంట్రాక్టరు ఉండకూడదు. ఎవరైనా "నేను తవ్విస్తాలే, నీ కార్డు ఇవ్వు" అంటే ఇవ్వకండి.

కుంట ఎందుకంటారా, లెక్క చూడండి. ఎకరం మీద ఒక మిల్లీమీటరు వాన పడితే నాలుగు వేల లీటర్ల పైన. నాలుగు ఎకరాల చేను మీద 40 మిల్లీమీటర్ల వాన ఒక్క సాయంత్రం పడితే దాదాపు ఆరున్నర లక్షల లీటర్లు. అందులో ఐదో వంతు వాగులోకి జారిపోయినా లక్షా ముప్పై వేలు. పైన పది మీటర్ల పొడవు, పది మీటర్ల వెడల్పు, రెండు మీటర్ల లోతుతో, గట్లు కూలకుండా వాలుగా తవ్విన కుంటలో పట్టేది సరిగ్గా అంతే. పూతలో ఉన్న చేనుకు ఒక్క తడి, 20 మిల్లీమీటర్లు పెట్టాలంటే ఎకరానికి ఎనభై వేల లీటర్లు కావాలి. అంటే కుంట ఒకసారి నిండితే ఎకరంన్నరకు ఒక ప్రాణం తడి. నాలుగు ఎకరాలూ తడవవు. తడుస్తాయని ఎవరైనా చెప్తే నమ్మొద్దు. కానీ 2023 ఆగస్టులో ఆ ఒక్క తడి ఉన్న ఎకరంన్నర ఏమయ్యేదో మీరే ఊహించుకోండి.

రేగడిలో నీరు నిలుస్తుంది, కుంట పనికొస్తుంది. ఊరికి ఉత్తరాన ఉన్న ఎర్ర చెలకల్లో అది త్వరగా ఇంకిపోతుంది. అక్కడ కుంట కన్నా వాలుకు అడ్డంగా కందకాలు తవ్వి, కింద ఉన్న బోర్లకు నీరు చేర్చుకోవడం మేలు. రెండూ ఉపాధి పనుల జాబితాలో ఉన్నాయి. నిరుడు ఆగస్టు 23న రాష్ట్రంలోని 13,326 పంచాయతీల్లో ఒకే రోజు గ్రామసభలు పెట్టి పనులు ఎంపిక చేయించారు. మన సభకు ఎంతమంది వచ్చారో పంచాయతీ పుస్తకంలో సంతకాలు చూశాను, ఆ సంఖ్య ఇక్కడ చెప్పి మిమ్మల్ని ఇబ్బంది పెట్టను. సభలో తీర్మానం కాని పని జాబితాలోకి రాదు. ఈసారి రండి.

పని అడిగేటప్పుడు నోటిమాటగా అడగొద్దు. కాగితం మీద రాసి ఇచ్చి, తేదీ వేసిన రసీదు తీసుకోండి. పదిహేను రోజుల్లో పని చూపించాలి, లేకపోతే నిరుద్యోగ భృతి అడిగే హక్కు చట్టంలోనే ఉంది. ఏప్రిల్ నుంచి రోజు కూలి 307 రూపాయలు. కొలతను బట్టి వస్తుంది కాబట్టి తక్కువ రావచ్చు. మే నెల ఎండల్లో తెల్లవారుజామునే వెళ్లి పదకొండుకల్లా ఇంటికి రండి.

ఇక్కడ ఒక చిక్కు ఉంది. నిన్న చేలగట్ల మీద తిరుగుతూ కుంటకు అనువైన పల్లపు చోట్లు పదకొండు గుర్తుపెట్టాను. అందులో ఏడు కౌలు చేలు. కౌలుదారు వేరేవాళ్ల భూమిలో కుంట తవ్వించలేడు, భూమి ఆయనే అడగాలి. భూమి ఆయన ఊళ్లో లేడు, ఐదు సెంట్లు పోతాయని ఆయనకు బాధ. ఎండిపోయే చేను కౌలుదారుది. ఈ ముడి దగ్గరికి మళ్లీ వస్తాను.

మే నెలలో పచ్చని చేను

ప్రకృతి వ్యవసాయం చేసే అక్కలు మన మండలంలో ఉన్నారు. రైతు సాధికార సంస్థ 2016 నుంచి నడిపిస్తున్న కార్యక్రమం అది. పొదుపు సంఘాల ద్వారా ఊళ్లలో నడుస్తుంది. వాళ్లు చెప్పేవాటిలో మన మిరప భూములకు బాగా పనికొచ్చేది ఒకటుంది, వానకు ముందే పొడి దుక్కిలో నవధాన్యాలు చల్లడం. పీఎండీఎస్ అంటారు. జొన్న, సజ్జ, అలసంద, పిల్లిపెసర, జనుము, నువ్వు, ఇలా రకరకాల గింజలు కలిపి, బంకమట్టి, ఘనజీవామృతం పట్టించి గోళీల్లా చేసి చల్లుతారు. పడ్డ కొద్దిపాటి వానకే మొలుస్తాయి.

మిరప నారు మనం ఆగస్టు, సెప్టెంబరుల్లో నాటుతాం. అప్పటిదాకా మూడు నెలలు చేను బోడిగా ఎండకు మాడుతుంది, గట్టి వాన పడితే పైమట్టి కొట్టుకుపోతుంది. ఆ మూడు నెలలు నేల కప్పుకుని ఉంటే మేత వస్తుంది, పచ్చిరొట్ట భూమిలో కలుస్తుంది, వాన దెబ్బ నేల మీద కాక ఆకు మీద పడుతుంది. నేను గొప్పలు చెప్పను, దీంతో తామర పురుగు పోతుందని కూడా అనను. నేల మెత్తబడుతుంది, నీళ్లు నిలుపుకుంటుంది, అంతవరకు చెప్పగలను. పత్తి చేలల్లో ఇంత సమయం ఉండదు. అక్కడ సాళ్ల మధ్య కంది, అలసంద వేయడం దారి.

"మరి గొడ్లో?" అని ముందు వరసలో అమ్మ అడుగుతోంది. సరైన ప్రశ్న. వేసవిలో మన ఊళ్లో గొడ్లు, మేకలు విచ్చలవిడిగా తిరుగుతాయి. ఊరంతా బోడిగా ఉన్నప్పుడు ఒక్క చేను పచ్చగా ఉంటే అది ఒక్క రోజులో మేసేస్తాయి. ముళ్లకంచె వేసుకోవడం ఒక్కరి వల్ల కాదు. ఏ పక్క చేలల్లో చల్లుతారో ముందే అనుకుని, ఆ పక్కకు ఆ మూడు నెలలు మందలు తోలకూడదని గ్రామసభలో తీర్మానం చేసుకోవాలి. మేకలవాళ్లను పిలవకుండా చేసిన తీర్మానం నిలవదు. వాళ్లకు ఏ దారి, ఏ చెరువు వైపు మేత వదులుతామో కూడా అందులోనే రాయాలి.

దీనికి డబ్బు అక్కర్లేదు, ఏ పథకమూ అక్కర్లేదు. అయినా ఇప్పటిదాకా జరగలేదు. ఎందుకంటే మే నెలలో చేను కౌలుదారు చేతిలో ఉండదు. కౌలు ఖాయమయ్యేది చాలాచోట్ల జూన్‌లో. వచ్చే ఏడాది ఈ చేను తనకే ఇస్తారో లేదో తెలియనివాడు ఆ మట్టి బాగు కోసం గింజలు ఎందుకు కొంటాడు? నేనైనా కొనను.

ఆ అక్క పత్తి చేను

ఇక అసలు విషయానికి వస్తాను. ఇది నా తప్పు గురించి. ఎప్పుడూ ఇలా అందరి ముందు చెప్పలేదు.

2019 చివర్లో నాకు ఈ ఉద్యోగం వచ్చింది. మొదటి పోస్టింగ్ వేరే ఊరు. 2020 ఖరీఫ్‌లో ఈ-క్రాప్ నమోదు. రోజుకు ఇన్ని ఎకరాలు కావాలని పైనుంచి ఒత్తిడి, సర్వర్ రాదు, ఎండ. మూడు ఎకరాల పత్తి చేను దగ్గరికి వెళ్లాను. ఒక అక్క కలుపు తీస్తోంది. భర్త పోయాడు, కౌలుకు చేస్తోంది. "పాసుపుస్తకం ఎవరిదక్కా?" అన్నాను. భూమి ఆయన పేరు చెప్పింది, ఆయన హైదరాబాద్‌లో ఉంటాడు. కౌలు కార్డు ఉందా అంటే లేదంది. నేను ఫోటో తీసి, సర్వే నంబరు కొట్టి, పాసుపుస్తకంలో ఉన్న పేరే రాసేశాను. రెండు నిమిషాల పని.

నవంబరు చివర నివర్ వచ్చింది. వాన ఆగిన తర్వాత వెళ్లాను. విచ్చిన పత్తి నల్లబడి వేలాడుతోంది, కాయల్లోనే గింజ మొలకెత్తింది. అక్క ఒక కాయ విప్పి నా చేతిలో పెట్టింది. నష్టం రాశాం. 33 శాతం దాటితే పెట్టుబడి రాయితీకి లెక్కలోకి వస్తుంది, ఆమె చేను మొత్తం పోయింది కాబట్టి ఆ పేచీ లేదు. డబ్బు వచ్చింది. హైదరాబాద్‌లో ఉన్న ఆయన ఖాతాలో పడింది. ఆయన చెడ్డవాడేం కాదు. తనకు ఎందుకు పడిందో కూడా ఆయనకు తెలియదు. అక్క ఆఫీసుకొచ్చి నిలబడింది. "బాబూ, ఆ రోజు నన్ను నువ్వు చూశావుగా చేలో" అంది. చూశాను. పుస్తకంలో మాత్రం ఆమె లేదు.

ఆ ఏడాది ఆమె చెవి కమ్మలు అమ్మి వడ్డీ కట్టింది. మరుసటి ఏడు కౌలు మానేసి కూలికి పోయింది. తుపాను నేను ఆపలేను. ఆ రెండు నిమిషాలు మాత్రం నా చేతిలోవి.

ఇందాక చెప్పిన ముడి ఇదే. కుంట, నేల బాగు, బీమా, రాయితీ, అన్నీ కాగితం మీద ఉన్న పేరుకే వెళ్తాయి. ఎండా వానా మాత్రం చేలో ఉన్నవాళ్ల మీద పడతాయి. ఆ రెండు పేర్లూ ఒకటి కాకపోతే ఎన్ని పథకాలు వచ్చినా సగం ఊరికి అందవు.

కౌలు కార్డు సంగతి

2019లో మన రాష్ట్రంలో పంట సాగుదారుల హక్కుల చట్టం వచ్చింది. దాని కింద ఇచ్చేది పంట సాగుదారు హక్కు పత్రం, సీసీఆర్సీ. మనం కౌలు కార్డు అంటున్నాం. పదకొండు నెలలు చెల్లుతుంది. దాంతో ఈ-క్రాప్‌లో కౌలుదారు పేరు ఎక్కుతుంది, పంట రుణం అడగొచ్చు, బీమా చేసుకోవచ్చు, పంట పోతే పరిహారం ఆమెకో ఆయనకో వస్తుంది.

భూమి యజమానులు ఇక్కడ ఉన్నారు, సూటిగా చెప్తాను. మొన్న ఒక బాబాయ్ నన్ను పక్కకు పిలిచి, "సంతకం పెడితే రేపు పొలం నాదంటాడు గదయ్యా" అన్నాడు. అనలేడు బాబాయ్. ఆ పత్రం పంట మీదే, భూమి మీద కాదు. ఒప్పందం పదకొండు నెలలకు మించదు. పాసుపుస్తకంలో, అడంగల్‌లో మీ యాజమాన్యం అలాగే ఉంటుంది. పీఎం కిసాన్ మీకు వస్తుంటే దానికీ అడ్డం కాదు. మీకు పోయేదల్లా మీరు వేయని పంటకు వచ్చే పరిహారం.

యజమాని సంతకం లేకుండా ఈ కార్డు రాదు. చట్టంలో అసలు బలహీనత అదేనని నా అభిప్రాయం. ఆ సంతకం కోసం కౌలుదారు ఒంటరిగా వెళ్లి అడిగితే వచ్చే ఏడు చేను వేరేవాళ్లకు పోతుందని భయం. అందుకే వాళ్లను ఒంటరిగా పంపొద్దని ఈ సమావేశంలో అడుగుతున్నాను. సర్పంచ్ గారు, నేను, వీఆర్వో గారు కలిసి వస్తాం. ఊళ్లో లేని యజమానులకు ఫోన్ మేం చేస్తాం. సంక్రాంతికి, ఉగాదికి వస్తారుగా అని ఆగొద్దు, అప్పటికి పంట అయిపోతుంది.

కావాల్సినవి: ఇద్దరి ఆధార్ నకళ్లు, యజమాని పాసుపుస్తకం నకలు, కౌలుదారు బ్యాంకు పుస్తకం, సంతకాలు చేసిన ఒప్పంద పత్రం. పత్రం సచివాలయంలో దొరుకుతుంది. చేలో పని చేసేది భార్య అయితే కార్డు ఆమె పేరు మీదే తీసుకోండి.

ఈ-క్రాప్, బీమా

పత్తి, అపరాలు నేను నమోదు చేస్తాను. మిరప ఉద్యాన సహాయకులు చేస్తారు. చేలోకే వచ్చి ఫోటో తీస్తాం. మీరు దగ్గర ఉండండి. సర్వే నంబరు, పంట, ఎన్ని ఎకరాలు, ఎవరి పేరు, ఈ నాలుగూ మా చేత పైకి చదివించుకోండి. తర్వాత వేలిముద్ర వేయాలి, ఈ-కేవైసీ అంటారు. అది కాకపోతే నమోదు సగంలో ఆగినట్టే. రసీదు అడిగి తీసుకోండి. చివర్లో జాబితా రైతు సేవా కేంద్రం దగ్గర అతికిస్తాం, సామాజిక తనిఖీ కోసం. చాలామంది ఆ కాగితం వంక చూడరు. పేరు తప్పు పడితే దిద్దే అవకాశం ఆ కొద్ది రోజులే.

పంట బీమా నిరుడు రబీ నుంచి స్వచ్ఛందం, మన వాటా మనం కట్టాలి. ముందు ఉచితంగా ఉండేది కాబట్టి ఇప్పుడు కూడా దానంతటదే ఉంటుందని అనుకుంటున్నవాళ్లు చాలామంది ఉన్నారు. ఉండదు. వాణిజ్య, ఉద్యాన పంటలకు రైతు వాటా బీమా మొత్తంలో 5 శాతానికి మించదు, ఖరీఫ్ ఆహార, నూనెగింజల పంటలకు 2 శాతం. ఉదాహరణకి ఎకరానికి బీమా 40,000 అయితే పత్తికి మీరు కట్టేది గరిష్ఠంగా 2,000. బ్యాంకులో పంట రుణం ఉన్నవాళ్లకు బ్యాంకే కోస్తుంది, వద్దనుకుంటే గడువుకు ఏడు రోజుల ముందే రాసివ్వాలి. భూమి ఆయన ఆ చేను మీద రుణం తీసుకుని బీమా కూడా తన పేర పెట్టించుకుంటే కౌలుదారుకు మళ్లీ పేచీ. కార్డు రాయించుకునే రోజే ఈ మాట తేల్చుకోండి.

బీమా రెండు రకాలు. ఒకటి దిగుబడిది, ఇంకోటి వాతావరణానిది. రెండో దాంట్లో మీ చేను చూడటానికి ఎవరూ రారు, వాతావరణ కేంద్రంలో నమోదైన వాన, ఎండల అంకెలను బట్టి డబ్బు వస్తుంది. దిగుబడి బీమాలో మొత్తం ప్రాంతానికి కోత ప్రయోగాలు చేసి సగటు తీస్తారు. అందులోనే వడగళ్లు, ముంపు లాంటివి ఒక్క మీ చేనుకే వచ్చినా చెప్పుకోవచ్చు, కానీ 72 గంటల్లో చెప్పాలి. కోసి చేలోనే ఆరబెట్టిన పంట అకాల వానకు తడిస్తే కోత నుంచి 14 రోజుల వరకు అదే పద్ధతి. నంబరు 14447. ఫోన్ చేసేముందు చేనుకు ఫోటోలు తీసి పెట్టుకోండి. చుట్టంచూపుకు పోయి నాలుగో రోజు వచ్చి నాకు చెప్తే నేనేమీ చేయలేను. మీరు ఏ పంటకు ఏ రకం బీమా కట్టారో రసీదు మీద ఉంటుంది, కట్టిన రోజే చదివించుకోండి. గడువు పంటను బట్టి మారుతుంది, కొన్ని జులైలోనే అయిపోతాయి. నోటిఫికేషన్ వచ్చిన రోజే తేదీ గోడ మీద రాస్తాను.

మిరప ధర గురించి అడుగుతారని తెలుసు. మొన్న ఫిబ్రవరిలో కేంద్రం క్వింటాలుకు 11,781 రూపాయలని ప్రకటించింది. మనకు అయ్యే ఖర్చుకు అది చాలదని మీరంటారు, నేను కాదనను. ధర నా చేతిలో లేదు, బీమా ధరను కాయదు. అందుకే ఈసారి ఉన్న నాలుగు ఎకరాలూ మిరపే పెట్టకుండా ఒకటో రెండో వేరే పంటకు వదలమంటున్నాను. కష్టమే, కౌలు ముందే కట్టేశాక మిరప తప్ప ఆ డబ్బు రాబట్టే పంట కనపడదు. అది కూడా భూమి ఆయనతో మాట్లాడాల్సిందే.

సరే, ఎండెక్కుతోంది. గురువారం ఉదయం ఏడు గంటలకు పంచాయతీ దగ్గర గ్రామసభ. మూడు తీర్మానాలు పెడతాం. కుంటలు, కందకాల జాబితా ఒకటి. నవధాన్యాల చేల వైపు మందలు తోలకుండా కట్టుబాటు ఒకటి, మేకలవాళ్లను నేను స్వయంగా పిలిచాను. కౌలు కార్డుల కోసం ఇంటింటికీ తిరిగే రోజులు ఒకటి. కౌలు పత్రాలు నా దగ్గర అరవై ఉన్నాయి. నా లెక్క ప్రకారం మన ఊళ్లో కౌలుకు చేసేవాళ్లు అంతకంటే ఎక్కువే, చాలకపోతే మళ్లీ తెస్తాను. రాయడం రానివాళ్లకు నేనే రాస్తాను.

నిన్న రాత్రి పడ్డ జల్లు గోడ మీద రాశాను, చూశారా? 9 మిల్లీమీటర్లు. విత్తనం సంచి ఇంకా విప్పొద్దు.